హ్యూమిడార్: సిగార్లు, చుట్టల తేమపెట్టె

హ్యూమిడార్ అంటే సిగార్లు, చుట్టలు ఎండిపోకుండా, బూజు పట్టకుండా, పురుగు తొలవకుండా దాచుకునే పెట్టె. లోపలి గాలిలో తేమను ఏడాది పొడవునా ఒకే స్థాయిలో నిలపడం దాని పని. పరిమళం గల కలపతో చేసిన లోగోడలు, గాలి చొరబడని మూత, తేమనిచ్చే సాధనం, తేమను కొలిచే హైగ్రోమీటరు దీని ముఖ్యాంగాలు. వీటిలో మొదట చూసుకోవలసింది మూత బిగింపు. అది సరిగా లేకపోతే ఎంత ఖరీదైన తేమ సాధనం పెట్టినా వృథా. తేమ ఇంటి గాలిలో కలిసిపోతుంది, చుట్టలు మాత్రం ఎండుతూనే ఉంటాయి.

ఇంట్లో ఈ పెట్టెను బిగించుకునే పద్ధతిని, ఏడాది పొడవునా చూసుకునే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణగా తీసుకున్నది తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని వత్రాప్ ప్రాంతం. పొడి వేడి, వానాకాలపు ముసురు రెండూ అక్కడ ఉంటాయి కాబట్టి పెట్టెకు రెండు విధాలా పరీక్ష తప్పదు.

ఆకు, పదును, తేమ

ఎండిన పొగాకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే తిరిగి వదిలేస్తుంది. పొగాకు రైతులకు ఇది చేతి అనుభవం. బాగా ఎండిన ఆకును పగటిపూట ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. అందుకే తెల్లవారుజామున మంచుకు మెత్తబడి ఆకు పదును మీద ఉన్నప్పుడు దాన్ని దించి మండె (కుప్ప) వేస్తారు. పదును తగ్గితే ఆకు చిట్లుతుంది, మించితే మండెలో కుళ్లుతుంది. చుట్టగా చుట్టాక కూడా ఆకు స్వభావం మారదు.

సిగారు చుట్టూ ఉన్న గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం కంటే బాగా దిగితే పై ఆకు పెళుసెక్కి పగులుతుంది, సువాసననిచ్చే తైలాలు ఆవిరైపోతాయి, చుట్ట వేడిగా, వడిగా కాలిపోతుంది. 75 శాతం దాటి చాలా రోజులు ఉంటే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీలుస్తుంది, నిప్పు నిలవదు, బూజు మొదలవుతుంది. 70 శాతం ఆర్ద్రత, 21 డిగ్రీల సెల్సియస్ అన్నది పాతకాలం నుంచి వస్తున్న సూత్రం. ఇప్పుడు చాలామంది 65 నుంచి 70 శాతం మధ్య, 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచుతున్నారు.

ఆర్ద్రతను ఉష్ణోగ్రత నుంచి విడదీసి చూడకూడదు. 21 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి గరిష్ఠంగా సుమారు 18 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 35 డిగ్రీల వద్ద దాదాపు 40 గ్రాములు పట్టగలదు. 21 డిగ్రీల వద్ద 70 శాతం తేమ ఉన్న గాలిని కొత్త తేమ చేర్చకుండా 35 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత సుమారు 32 శాతానికి పడిపోతుంది. నిండుగా ఉన్న పెట్టెలో అంత పతనం కనిపించదు, ఎందుకంటే కలప, ఆకు తమలోని నీటిని వదిలి ఆ లోటు పూడుస్తాయి. మూత సందుల నుంచి గాలి పోతూ ఉంటే ఆ నీరు బయటికి పోతుంది, ఎండేది చుట్టే.

దక్షిణాది చుట్టల నేపథ్యం

తమిళనాడులో చుట్టల తయారీకి పేరుపడిన ఊళ్లు దిండిగల్, తిరుచిరాపల్లి. దిండిగల్ చుట్టుపక్కల పండిన ఆకుతో తిరుచిరాపల్లిలో, ముఖ్యంగా అక్కడి ఉరైయూరులో, చుట్టలు చుట్టేవారు. అవే ‘ట్రిచినాపల్లి’ చుట్టలుగా ఇంగ్లండు దాకా వెళ్లాయి. ఆర్థర్ కానన్ డోయిల్ 1887లో ప్రచురించిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ నవలలో షెర్లాక్ హోమ్స్ నేలమీది బూడిదను చూసి, అది ట్రిచినాపల్లి చుట్టదని గుర్తిస్తాడు. ఆనాటి ఇంగ్లిషు పాఠకులకు ఆ పేరు ఎంత పరిచితమో దీన్నిబట్టి తెలుస్తుంది. మద్రాసు స్పెన్సర్ కంపెనీకి దిండిగల్‌లో సిగార్ల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి సరుకు ‘ఫ్లోర్ డి దిండిగల్’ అనే పేరుతో అమ్ముడయ్యేది.

తెలుగు నేలమీద చుట్టకు పేరెన్నికగన్నది గోదావరి లంకల పొగాకు. వరదలు తెచ్చి పోసే ఒండ్రు మట్టిలో పండే ఈ లంకపొగాకు కోస్తా జిల్లాల చుట్టలకు ఆధారం. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. సిగారు, చుట్ట రకాల మీద పనిచేయడానికి మరుసటి ఏడాది దిండిగల్ దగ్గరి వేడసందూరులో పరిశోధన కేంద్రం మొదలైంది. పై ఆకుకు పనికొచ్చే రకాల కోసం బెంగాల్‌లోని దిన్‌హాటాలో ఇంకో కేంద్రం నడిచింది.

రెండు చివర్లూ తెరిచి ఉండే నాటు చుట్టను సాధారణంగా పొడిగానే కాలుస్తారు, దానికి హ్యూమిడార్ అంతగా అవసరం లేదు. క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా దేశాల చేతిచుట్టు సిగార్లను మాత్రం తేమ మీదనే దాచాలి. దిండిగల్ రకపు మేలిమి సిగార్లను నెలల తరబడి ఉంచదలచినా అంతే.

వత్రాప్ వాతావరణం

తమిళులు వత్తిరాయిరుప్పు అని పిలిచే వత్రాప్ పడమటి కనుమల పాదాల దగ్గరి పట్టణం. దగ్గరలోనే చతురగిరి కొండ, పిళవక్కల్ జలాశయాలు ఉన్నాయి. కొండవాగుల నీటితో వరి, కొబ్బరి పండుతాయి. ఈ చుట్టుపక్కల శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం నుంచి కోవిల్‌పట్టి వరకూ ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్లు, రెడ్లు, రాజుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీరిలో చాలామంది పూర్వీకులు విజయనగర, మదురై నాయకుల కాలంలో వచ్చి స్థిరపడ్డవారు.

కనుమలు నైరుతి వానలను చాలావరకు అడ్డుకుంటాయి కాబట్టి జిల్లాకు ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిగతా కాలమంతా పొడిగానే గడుస్తుంది. ఈ పొడి వాతావరణమే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల్లో అగ్గిపెట్టెలు, బాణసంచా పరిశ్రమలు పెరగడానికి తోడ్పడింది. అగ్గిపుల్ల మందు ఆరడానికి కావలసింది పొడి గాలే. సిగారుకు చెరుపు చేసేదీ అదే. కొండకు ఆనుకుని, పొలాల మధ్య ఉన్న వత్రాప్‌లో గాలి శివకాశి అంత పొడిగా ఉండదు. అయినా ఏప్రిల్, మే నెలల వేడికి పెట్టె ఎండుతుంది, నవంబరు ముసురుకు ఉబ్బుతుంది. కాబట్టి ఇక్కడ మూత రెండు పనులు చేయాలి: ఎండాకాలంలో లోపలి తేమను బయటికి పోనివ్వకూడదు, వానాకాలంలో బయటి తేమను లోపలికి రానివ్వకూడదు.

కలప

హ్యూమిడార్ లోగోడలకు ప్రపంచమంతటా వాడేది స్పానిష్ సెడార్. పేరు అలా ఉన్నా ఇది స్పెయిన్‌ది కాదు, దేవదారు జాతి అంతకన్నా కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే సెడ్రెలా ఒడొరాటా అనే చెట్టు ఇది. వేప, మహాగని ఉన్న మీలియేసీ కుటుంబానికే చెందుతుంది. తేమను పీల్చి నెమ్మదిగా వదులుతుంది, అంత సులభంగా వంకర తిరగదు, దాని వాసన పొగాకుతో కలుస్తుంది. ఇదే కుటుంబంలో మనకు దగ్గరి చుట్టం నందివృక్షం. తమిళులు దీన్నే సందన వేంబు అంటారు. పూర్వం వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని కూడా సెడ్రెలా ప్రజాతిలోనే చేర్చారు.

లోపలి కలపకు వార్నిష్, పాలిష్, నూనె ఏదీ పూయకూడదు. పూత వేస్తే కలప తేమను పీల్చలేదు, పూత వాసన చుట్టలకు పడుతుంది. కర్పూరం, కలరా ఉండలు, అగరువత్తులు పెట్టే అల్మారాలో ఈ పెట్టెను ఉంచితే నెలలోపే చుట్టలు ఆ వాసన కొడతాయి.

మూత బిగింపు పరీక్ష

మంచి పెట్టె మూతను కాస్త ఎత్తునుంచి వదిలితే దబ్బున పడదు. లోపల చిక్కుకున్న గాలి మీద ఆనుకుంటూ మెల్లగా దిగుతుంది. మూత లోపలివైపు అంగుళం లోపు ఎత్తున ఉండే కలప అంచు దిగువ పెట్టెలోకి సరిగ్గా కూర్చోవడమే దీనికి కారణం.

రెండో పరీక్ష కాగితంతో చేస్తారు. మూత వేసేటప్పుడు అంచు మధ్య సన్నని కాగితం పెట్టి లాగాలి. పట్టు తగలాలి. నాలుగు వైపులా, మూలల దగ్గర కూడా ఇలా చూడాలి. కాగితం జారిపోయిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

మూడోది దీపపు పరీక్ష. రాత్రివేళ గదిలో లైట్లన్నీ ఆపి, వెలుగుతున్న చిన్న టార్చిని పెట్టెలో పెట్టి మూత వేయాలి. వెలుతురు సన్నగా బయటికి వస్తున్న చోటల్లా గాలి పోతోందని అర్థం. వెనక మడతబందుల కోసం చెక్కిన గాడుల దగ్గర, తాళం రంధ్రం దగ్గర, పైన అద్దం ఉన్న పెట్టెల్లో అద్దం చట్రం దగ్గర ఈ గీతలు ఎక్కువగా కనిపిస్తాయి. అద్దం మూతల పెట్టెలు చూపుకు బాగున్నా కారడంలో ముందుంటాయి.

బిగించే విధానం

అద్దం చుట్టూ, అడుగు చెక్క కీళ్ల వెంట, మడతబందుల గాడుల్లో సందులుంటే అక్వేరియం తొట్లకు వాడే పారదర్శక సిలికాన్‌తో పూడ్చాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇది దొరుకుతుంది. బాత్రూమ్ పనులకు అమ్మే బూజునిరోధక మందు కలిసిన రకం వద్దు. సందుకు రెండు వైపులా కాగితపు టేపు అంటించి, మధ్యలో సన్నని తీగలా సిలికాన్ పోసి, తడివేలితో నొక్కి, అది గట్టిపడక ముందే టేపు లాగేయాలి. ఆరేటప్పుడు పులుపు వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, కొన్ని రోజులైనా సరే, పెట్టెను తెరిచే ఉంచాలి. అప్పుడే చుట్టలు పెట్టకూడదు.

మూత అంచు ఒకవైపు వదులుగా ఉంటే గుర్తు పెట్టిన భాగంలో సన్నని కలప బద్ద గానీ, వాసన లేని పల్చటి సిలికాన్ పట్టీ గానీ అంటించవచ్చు. చుట్టూ మందపాటి పట్టీ వేస్తే మూత ఎత్తుకుని ఉండి కొత్త సందులు పుడతాయి. మడతబందుల స్క్రూలు వదులైతే బిగించాలి. పెట్టెను చదునైన చోట పెట్టాలి. నేల వంపుగా ఉంటే చట్రం మెలిపడి, బాగున్న బిగింపు కూడా చెడుతుంది. పనంతా అయ్యాక టార్చి పరీక్ష మళ్లీ చేయాలి.

కలప నీళ్లు పీల్చాక కాస్త ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడు కనిపించిన చిన్న సందులు కొన్ని అప్పుడు వాటంతటవే మూసుకుంటాయి. అందువల్ల వెంట్రుకవాసి సందులకు ముందే సిలికాన్ వేయకుండా, పెట్టెకు పదును పట్టించి, ఆ తర్వాత మిగిలినవాటికే వేయడం మంచిది.

కొత్త పెట్టెకు పదును పట్టించడం

పొడి కలప ఉన్న పెట్టెలో నేరుగా సిగార్లు పెడితే కలప వాటిలోని తేమను లాగేస్తుంది. ముందు కలపకు తేమ తాగించాలి. తడిగుడ్డతో లోగోడలు తుడిచే పద్ధతి పాతది. దానివల్ల పొరలు లేవడం, చెక్క వంకరపోవడం జరుగుతాయి. చిన్న గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, చెక్కకు తగలకుండా పెట్టెలో ఉంచి, మూత వేసి ఒకటి రెండు వారాలు వదిలేయడం సురక్షితం. 84 శాతం తేమనిచ్చే సంచులు కూడా ఇందుకోసమే అమ్ముతారు, వాటిని 14 రోజులు ఉంచుతారు. గిన్నె తీసేశాక ఆర్ద్రత 70 శాతం చుట్టుపక్కల నిలకడగా ఉంటే పెట్టె సిద్ధమైనట్టు.

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడకూడదు. వాటిలోని లవణాలు స్పాంజి రంధ్రాలను పూడుస్తాయి, సూక్ష్మజీవులు బూజుకు దారితీస్తాయి. బ్యాటరీ దుకాణాల్లో, మందుల షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. బ్యాటరీ దుకాణంలో కొనేటప్పుడు సీసా మీద చదివి తీసుకోవాలి, అదే అలమరలో యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

తేమనిచ్చే సాధనాలు

అన్నిటికన్నా చవకైనది స్పాంజి, లేదా పూలగుత్తులు గుచ్చే పచ్చ నురగ దిమ్మ. దానికి డిస్టిల్డ్ వాటర్, ప్రొపిలీన్ గ్లైకాల్ సమపాళ్లలో కలిపి పట్టిస్తారు. ఆ ద్రావణం 70 శాతం దగ్గర తేమను ఆపుతుంది, బూజును కూడా కొంత అడ్డుకుంటుంది. స్పాంజి తేమను ఇస్తుందే గానీ ఎక్కువైన తేమను బాగా వెనక్కి తీసుకోలేదు. వానాకాలంలో దాని బలహీనత బయటపడుతుంది.

సిలికా గుళికలు, లవణ ద్రావణపు సంచులు రెండు దిశలా పనిచేస్తాయి. సంతృప్త లవణ ద్రావణం పైనున్న గాలిలో ఆర్ద్రత ఒక స్థిరమైన అంకె దగ్గర ఆగుతుందన్న రసాయన సూత్రం ఈ సంచులకు ఆధారం. లోపల పొడిబారితే సంచి నీటిని వదులుతుంది, తేమ పెరిగితే పీల్చుకుంటుంది. బొవేడా కంపెనీ సంచులు 65, 69, 72, 75 శాతం అంకెలతో వస్తాయి. 25 సిగార్లకు 60 గ్రాముల సంచి ఒకటి అన్నది సాధారణ లెక్క. వత్రాప్ లాంటి చోట 65 శాతం సంచి అనువైనది. సంచిలోని ద్రవం గట్టిపడి గులకల్లా తగిలితే మార్చాలి.

హైగ్రోమీటరును ఉప్పుతో సరిచూడటం

ముల్లు తిరిగే హైగ్రోమీటర్లు చాలావరకు తప్పు చూపిస్తాయి, డిజిటల్ రకం మేలు. అయినా దేన్నీ సరిచూడకుండా నమ్మకూడదు. ఉప్పు పరీక్షకు ఖర్చు లేదు. సీసా మూతలో వంట ఉప్పు నింపి, కొన్ని చుక్కల నీళ్లు వేసి తడి ఇసుకలా చేయాలి. ఉప్పు కరిగిపోకూడదు, పైన నీళ్లు నిలవకూడదు. ఆ మూతను, హైగ్రోమీటరును పక్కపక్కన జిప్ సంచిలో పెట్టి, కొంత గాలి ఉండేలా మూసి, ఎండ తగలని చోట ఒక పూర్తి రోజు ఉంచాలి. సంచి తెరవకుండానే అంకె చదవాలి. 75 చూపితే పరికరం సరైనది. 71 చూపితే ఇకముందు ప్రతి అంకెకు 4 కలుపుకోవాలి, 78 చూపితే 3 తీసేయాలి. ఉప్పు ద్రావణపు ఆర్ద్రత 10 నుంచి 40 డిగ్రీల మధ్య పెద్దగా మారదు కాబట్టి ఎండాకాలంలోనూ ఈ పరీక్ష చెల్లుతుంది.

పురుగు

సిగార్లకు అతిపెద్ద శత్రువు లేసియోడెర్మా సెరికోర్నె అనే పెంకుపురుగు. పొలంలో పైరును తినే పొగాకు లద్దెపురుగు వేరు, ఇది వేరు. ఎర్రటి గోధుమరంగులో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. తినేది దాని పిల్లపురుగు. ఆకు పొరల్లోంచి సొరంగం తొలుచుకుంటూ పోయి, పెద్దదై, గుండుసూది బెజ్జంలాంటి రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ దానికి అన్నివిధాలా అనుకూలం. ఆ స్థితిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి నెల రోజులు అటూఇటూ పడుతుంది. 18 డిగ్రీల దిగువన పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.

ఈ పురుగు ఎండుమిర్చిని, పసుపును, ధనియాలను కూడా వదలదు. విరుదునగర్ మిరప, పప్పుధాన్యాల వ్యాపారానికి పేరున్న ఊరు. గుంటూరు ప్రాంతంలో మిరప, పొగాకు రెండూ పక్కపక్కనే ఉంటాయి. మిరపకాయల బస్తాలున్న సామానుగదిలో సిగార్ల పెట్టె పెట్టకూడదు.

అనుమానం ఉన్న సిగార్లను గాలి చొరబడని సంచిలో వేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం మూడు రోజులు ఉంచితే గుడ్లతో సహా పురుగు చస్తుంది. తర్వాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, మరో రోజు గదిలో ఉంచి అప్పుడే సంచి తెరవాలి. ఒక్కసారిగా బయటికి తీస్తే తడి పట్టి పై ఆకు చీలుతుంది. ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో ఏ కారణంతోనూ వాడకూడదు. అవి విడిచే వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది.

బూజు

సిగారు మీద తెల్లగా, పచ్చగా నూగులా కనిపించేది బూజు. తెల్లటి పొడిని పక్వతకు గుర్తుగా చెప్పే అలవాటు ఉంది గానీ, దాన్ని బూజుగానే భావించి జాగ్రత్తపడటం క్షేమం. బూజు కాలే చివర లోపలికి పాకితే ఆ చుట్టను పారేయాలి. పెట్టెలోని మిగతావాటిని తీసి, కలపను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తేమను 65 శాతానికి తగ్గించాలి.

ఋతువుల వారీ పాలన

మార్చి నుంచి సెప్టెంబరు దాకా పెట్టెను ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, పడమటి గోడకు దూరంగా, నేలకు దగ్గరగా ఉంచాలి. గది 30 డిగ్రీలు దాటే ఇంట్లో 70 శాతం లక్ష్యం పెట్టుకోకూడదు. 62 నుంచి 65 శాతం చాలు, పురుగుకూ బూజుకూ అవకాశం తగ్గుతుంది. ఫ్రిజ్‌లో దాచడం పరిష్కారం కాదు. అక్కడి గాలి పొడి, పైగా కూరల వాసన పడుతుంది. ఏసీ కూడా గది గాలిని పొడిబారుస్తుంది కాబట్టి బిగింపు బాగుంటేనే ఏసీ గది లాభం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా స్పాంజికి నీళ్లు పోయడం తగ్గించాలి, ముసురు రోజుల్లో మూత తెరవడం మానుకోవాలి. మిగతా రోజుల్లో వారానికి ఒకసారి తెరిచి గాలి మార్చడం, నెలకోసారి పై వరుసను కిందికి, కింది వరుసను పైకి మార్చడం మంచిది. పెట్టెలో పావు వంతు ఖాళీ ఉంచాలి. ఏడాదికి రెండుసార్లు, ఎండలకు ముందు, వానలకు ముందు, టార్చి పరీక్ష, ఉప్పు పరీక్ష రెండూ చేయాలి.

కలప పెట్టెకు బదులు

రబ్బరు అంచు, నాలుగు వైపులా గొళ్లేలు ఉన్న ఆహారపు ప్లాస్టిక్ డబ్బా గాలిని కలప పెట్టె కంటే గట్టిగా ఆపుతుంది. అందులో సెడార్ పలకలు రెండు, 65 శాతం సంచి ఒకటి, డిజిటల్ హైగ్రోమీటరు పెడితే చాలు. దాన్ని దళసరి గోడల ఐసుపెట్టెలో ఉంచితే పగటి వేడి హెచ్చుతగ్గులు కూడా లోపలికి అంతగా తగలవు. ఐసు వేయనక్కరలేదు. వత్రాప్, కోవిల్‌పట్టి వంటి వేడి ఊళ్లలో నునుపైన అద్దపు మూత పెట్టె కంటే ఈ ఏర్పాటే నమ్మదగినది. అందం కోసం హ్యూమిడార్‌కు పెట్టే ఖరీదుకు హద్దు లేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీకి నటుడు మిల్టన్ బెర్లీ ఇచ్చిన హ్యూమిడార్ 1996లో న్యూయార్క్ వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. లోపలి చుట్టకు మాత్రం కావలసింది బిగింపు, స్థిరమైన తేమ, చల్లదనం మాత్రమే.

ఆరోగ్యం, చట్టం

తేమపెట్టెలో దాచినంత మాత్రాన పొగాకు హాని తగ్గదు. పెద్ద సిగారు ఒక్కదానిలో సిగరెట్ల ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. పొగను లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. నిప్పు చివరను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు ఉత్తరాంధ్ర మహిళల్లో అంగిలి క్యాన్సర్లకు కారణమని వైద్యులు ఎన్నడో గుర్తించారు. భారతదేశపు 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారికి పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకం నిషిద్ధం. పిల్లలున్న ఇంట్లో హ్యూమిడార్‌కు తాళం తప్పనిసరి. పొగాకు మానదలచినవారికి జాతీయ సహాయ నంబరు 1800 11 2356 ఉచితంగా అందుబాటులో ఉంది.